ఒరిజినల్ కాంట్రా క్యాసెట్‌ని గుర్తుపట్టేదెలా?

మాది ఒడిశా బరంపురం. వచ్చే నెల హైదరాబాద్‌లో పాత వస్తువులు సేకరించేవాళ్ల మేళాకి వెళ్తున్నాను. 1988లో జపాన్‌లో నింటెండో వాళ్ల ఫ్యామికామ్ అనే గేమ్ మెషీన్ కోసం కొనామీ కంపెనీ విడుదల చేసిన కాంట్రా గేమ్ క్యాసెట్ కావాలి. తొంభైల్లో మనం టీవీ గేమ్ అంటూ ఆడినవి చాలావరకు ఫ్యామికామ్ నకళ్లే. అలాంటి క్యాసెట్లు ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి, మళ్లీ అవే కొంటే మా ఆవిడ ఊరుకోదు.

ఫ్యామికామ్‌నే అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో అమ్మారు; ఆ ఎన్ఈఎస్ క్యాసెట్‌కి 72 పిన్నులు, జపాన్‌దానికి 60. చిక్కేంటంటే నకలుకీ 60 పిన్నులే. లోపలి బోర్డు చూస్తే తేలుతుంది గానీ, విప్పి చూపించమంటే అమ్మేవాళ్లు ఒప్పుకుంటారా? విప్పకుండా లేబుల్, ప్లాస్టిక్ చూసి పట్టుకోవచ్చా? బేరం ఆడాలంటే పొద్దున్నే వెళ్లాలా, సాయంత్రం సర్దుకునే టైమ్‌కా? ఇలాంటి మేళాల్లో కొన్నవాళ్లు కాస్త చెప్పండి.