అవిభక్తమా, అవిభాజ్యమా?

ప్రశ్న: మా అక్క ఫ్లాట్ దస్తావేజు డ్రాఫ్టులో "50 చదరపు గజాల అవిభాజ్యపు వాటా" అని ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాల్లోనేమో "హిందూ అవిభక్త కుటుంబం". రెండూ ఒకటేనా?

జవాబు: కావండీ. అవిభక్తం అంటే ఇంకా పంచుకోనిది, రేపు పంచుకోవచ్చు. అవిభాజ్యం అంటే పంచడానికి వీల్లేనిది. కుటుంబానికి మొదటిదే సరి, ఒకరు పంపకాలు కావాలంటే చాలు, అది విడిపోవచ్చు. ఫ్లాట్ కింది నేలకి రెండోది బాగా నప్పుతుంది. వెయ్యి గజాల్లో 20 ఫ్లాట్లు కడితే తలా 50 గజాలు కాగితం మీద ఉంటాయి. "నా 50 గజాలు లిఫ్టు పక్కన కొలిచివ్వండి" అంటే కుదరదు.

తమాషా ఏంటంటే, ఫ్లాట్‌లో నేల విడదీయలేకపోయినా వాటా ఎంతో తేలిపోయింది. పాత ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షర చెప్పిన పద్ధతిలో నడిచే కుటుంబంలో ఆ లెక్కే నిలకడగా ఉండదు. బిడ్డ పుడితే అందరి వాటా తగ్గుతుంది, ఒకరు పోతే మిగతావాళ్లది పెరిగేది. ఈ పెరగడాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ఎత్తేసింది. కూతుళ్లు ఈ లెక్కలోకి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చారు, అదీ అప్పటికి పెళ్లికానివాళ్లే. దేశమంతటా 2005లో. (మితాక్షరని కేతన 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. చట్టానికి తెలుగు పనికిరాదనేవాళ్లు అదొకసారి తిరగేయాలి.)

మరొకరు: మరి "ఉమ్మడి" సంగతి? మేమిద్దరం ఇల్లు ఉమ్మడిగా కొన్నాం. ఆయన తరవాత మొత్తం నాదే కదా?

జవాబు: ఇంగ్లండులో జాయింట్ టెనెంట్లుగా (అద్దెకున్నవాళ్లు కాదు, విడి పాళ్లు లేని ఉమ్మడి యజమానులు) కొంటే అలాగే, మిగిలినవాళ్లకే మొత్తం. ఇక్కడ మామూలుగా ఎవరి పాలు వాళ్లదే. దస్తావేజులో పాళ్లు రాయకపోతే ఎవరెంత డబ్బు పెట్టారో ఆ లెక్కన, అది తేలకపోతే సమానంగా అనుకుంటారు. చెరిసగమైతే, మీవారు వీలునామా రాయకుండా పోతే ఆయన సగం మీకూ పిల్లలకూ మీ అత్తగారికీ సమానంగా వెళ్తుంది, హిందువులకు 1956 వారసత్వ చట్టం ప్రకారం. ఇద్దరు పిల్లలూ అత్తగారూ ఉంటే, మీ సగమూ ఆయన సగంలో నాలుగో వంతూ కలిపి, మొత్తం ఇంట్లో మీకు ఎనిమిదింట అయిదు వంతులు. అత్తగారితో మాటలు లేని ఇళ్లల్లో ఇదే పెద్ద టెన్షన్. ఇకముందు కొనేటప్పుడు "ఉమ్మడిగా" అని వదిలేయకుండా పక్కన ఎవరికెంత పాలో రాయించండి, ఆయన వాటాకి వీలునామా కూడా రాయించుకోండి.