బాబుకి సున్తీ చేయించాలా వద్దా? ఈ నిర్ణయం మాదా, వాడిదా?

తొలిచూలు:
మాకు ఈమధ్యే బాబు పుట్టాడు. మతపరంగా మాకు సున్తీ ఆచారం లేదు. కానీ మావారికి ఐదారేళ్ల వయసులో ఇన్ఫెక్షన్ వచ్చి చేయాల్సి వచ్చిందట, ఆ నొప్పి ఆయనకి ఇప్పటికీ గుర్తుంది, అందుకే వీడికి ఏమీ తెలియని వయసులోనే చేయించేద్దాం అని పట్టుబడుతున్నారు. ఏ జబ్బూ లేని పిల్లాడికి ఆపరేషన్ చేయమని సంతకం పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. "నేను మగవాణ్ని, దీని గురించి నీకేం తెలుసు" అన్నారు నిన్న. ఆ మాటకి చాలా బాధేసింది. ఆలోచించి చెప్పండి, ఇద్దరం చదువుతాం.

పిల్లలవార్డు:
నేను పసిపిల్లల వార్డులో నర్సుని. ముందు ఒక్క మాట, ఏమీ తెలియని వయసు అనేది లేదమ్మా. 1980ల దాకా చాలామంది డాక్టర్లు కూడా శిశువులకి నొప్పి అంతగా తెలియదనే అనుకున్నారు, అది తప్పని తేలి చాలా కాలమైంది. పెద్దయ్యాక గుర్తుండదేమో గానీ ఆ పూట నొప్పి నొప్పే.

ఇంకోటి, పుట్టినప్పుడు, సున్తీలో తీసేసే ఆ ముందు చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, ఏళ్ల తరబడి మెల్లగా దానంతటదే విడిపోతుంది. ఎవరైనా శుభ్రం చేయాలని బలవంతంగా వెనక్కి లాగితే చిరిగి, మచ్చకట్టి, నిజమైన బిగుతు రావచ్చు. మచ్చ లేని బిగుతైతే చాలామందికి స్టెరాయిడ్ క్రీముతోనే తగ్గుతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ల మాటకొస్తే, మొదటి ఏడాదిలో దాదాపు నూటికి ఒక మగపిల్లాడికి వస్తాయి, సున్తీ వల్ల ఆ ముప్పు బాగా తగ్గే మాట నిజమే, కానీ ఒక్క ఇన్ఫెక్షన్ తప్పించడానికి వంద మందికి పైగా పిల్లలకి చేయాలి. కిడ్నీలోకి మూత్రం వెనక్కి తన్నే సమస్య ఉన్న బిడ్డల లెక్క వేరు.

సూటిగా:
పిల్లలవార్డు గారూ, మీరు ఒక వైపే చెప్పారు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్స్‌లో, సున్తీ చేయించుకున్న మగవారికి ఆడవారి నుంచి హెచ్‌ఐవీ సోకడం సుమారు 60 శాతం తగ్గింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాలకి దీన్ని సిఫారసు చేసింది. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా 2012లో ముప్పు కంటే లాభాలే ఎక్కువ అంది. టీకాలు వేయించేటప్పుడు బిడ్డని అడుగుతున్నామా? తల్లిదండ్రులన్నాక కొన్ని నిర్ణయాలు తీసుకోక తప్పదు.

అడగనిమాట:
ఆ అకాడమీయే అదే ప్రకటనలో, పుట్టిన ప్రతి మగబిడ్డకీ చేయమని సిఫారసు చేసేంత లాభం లేదని కూడా చెప్పింది, అది వదిలేశారు. ఆ ట్రయల్స్‌లో చేరింది పెద్దవాళ్లు, తామే ఒప్పుకుని వచ్చిన మగవాళ్లు. హెచ్‌ఐవీ అలా సోకే వయసు రావడానికి బిడ్డకి ఎన్నో ఏళ్లుంది, అప్పటికి వాడికి నోరుంటుంది, బుర్ర ఉంటుంది, కావాలంటే వాడే చేయించుకుంటాడు. టీకా అలా కాదు, ఆ జబ్బులు పసితనంలోనే వస్తాయి, పైగా టీకా ఒంట్లోంచి ఏదీ తీసేయదు.

నాకు పసివాడిగా ఉన్నప్పుడే చేయించారు, వైద్య కారణం ఏమీ లేదు. నాకు జబ్బు లేదు, కాపురం బాగానే ఉంది. నా బాధల్లా నా ఒంటి గురించి నన్ను అడగకపోవడమే. ఈ మాట ఎక్కడ చెప్పినా నవ్వేస్తారు, మగాడికి ఇదొక బాధా అని. ఆడపిల్లల జననాంగాల కోతని అమెరికా 1996లోనే నేరం చేసింది, అందులో ఆచారం అన్న సాకు చెల్లదు. అది చాలా మంచి చట్టం, ఆ కోత తీవ్రత కూడా చాలా చోట్ల దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మగవాళ్ల హక్కుల పేరుతో దీన్ని ఆడవాళ్ల మీద పోట్లాటగా మార్చేవాళ్లతో నేను కలవను. నేను అడిగేదల్లా ఆ రక్షణ వెనకున్న న్యాయం మగబిడ్డకీ వర్తించాలని.

ఇంటిదీపం:
మాకిది మతం, అందుకని నా మాట కూడా వినండి. 2012లో జర్మనీలో కొలోన్ కోర్టు మతం కోసం చేసే సున్తీ శరీరానికి హాని చేయడమే అన్నప్పుడు అక్కడి ముస్లింలు, యూదులు ఎంత భయపడ్డారో ఊహించండి, తమ బిడ్డని తమవాడిగా పెంచుకోవడమే నేరం అన్నట్టు తోచింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు తల్లిదండ్రులకి ఆ హక్కు ఉందని చట్టం చేసింది. పద్దెనిమిదేళ్లు ఆగితే పిల్లాడికి ఏ నష్టమూ లేదంటారు గానీ, మా ఇళ్లలో అన్నేళ్లూ వాడు తనవాళ్లలో వేరుగా మిగిలిపోతాడు. అలాగని మేము బిడ్డ ప్రాణం చూడమని కాదు. సున్తీ వల్ల ఇద్దరు అన్నలు చనిపోతే మూడోవాడికి చేయొద్దని యూదుల మతగ్రంథం తాల్ముడ్‌లోనే ఉంది. కానీ తొలిచూలు గారూ, మీకు ఆచారం లేదు, జబ్బూ లేదు. మీ స్థానంలో ఉంటే నేను చేయించను.

తొలిచూలు:
అందరికీ థాంక్స్. మావారు మొత్తం చదివారు. ఆయన అడిగేది ఒక్కటే, ఇప్పుడు వద్దనుకుని తర్వాత అవసరం పడితే తనలాగే వాడూ బాధపడతాడు కదా అని.

పిల్లలవార్డు:
ఆ భయం న్యాయమైనదే, ఆయన్ని తప్పుపట్టకండి. పెద్ద పిల్లలకి సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వాలి, కుట్లు పడతాయి, మానడానికీ ఎక్కువ రోజులు పడుతుంది. కానీ ఎక్కువమందికి ఆ అవసరమే రాదు, వచ్చినా ఈ రోజుల్లో నొప్పి తగ్గించే పద్ధతులు ఆయన చిన్నప్పటిలా లేవు. బ్రిటన్ డాక్టర్ల సంఘం ఇలాంటి ఆపరేషన్‌కి తల్లీతండ్రీ ఇద్దరి ఒప్పుదల ఉండాలంటుంది, మీరు ఒప్పుకోనప్పుడు ఆగడమే సరైనదని నా అభిప్రాయం. ఎప్పుడైనా చేయించాల్సి వస్తే మాత్రం ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందేమో డాక్టరుకి తప్పక చెప్పండి. మూత్రం వచ్చే రంధ్రం కొసన కాకుండా కిందివైపు ఉందేమో కూడా చూపించండి, అలా ఉంటే దాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఈ చర్మమే కావాలి, ముందే తీసేయకూడదు.