నాన్నగారి ఫోన్‌లో ఆగని "వైరస్" నోటిఫికేషన్లు

ప్రశ్న:
నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో "మీ ఫోన్‌కి వైరస్ సోకింది, వెంటనే క్లీన్ చేయండి" అని గంటకోసారి వస్తోంది. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏమీ దొరకలేదు, ఆయనేమో బ్యాంకులో డబ్బులు పోతాయని ఒకటే టెన్షన్. ఫోన్ రీసెట్ చేయాలా?

జవాబు 1:
రీసెట్ వద్దండీ, చాలావరకు అది వైరస్ కాదు. ఏదో సైట్‌లో "మీరు రోబో కాదని తెలియాలంటే అలో (Allow) నొక్కండి" అని ఉంటే నొక్కి ఉంటారు, దాంతో ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది, హిస్టరీ చెరిపేసినా ఆ అనుమతి పోదు. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ తెలియని సైట్లన్నీ బ్లాక్ చేయండి.

జవాబు 2:
అదే పేజీలో పైనున్న స్విచ్ ఆపేస్తే కొత్త సైట్లు అసలు అడగనే అడగవు. పెద్దవాళ్ల ఫోన్లలో ఇదే మేలు.

ప్రశ్న అడిగినవారు:
చేశానండీ, ఆగిపోయాయి! చాలా థాంక్స్.

జవాబు 1:
సంతోషం. ఆ నోటిఫికేషన్ నొక్కి ఏదైనా యాప్ వేసుకున్నారేమో, కార్డు నంబరో ఓటీపీనో ఇచ్చారేమో కోప్పడకుండా అడగండి. ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకి చెప్పండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.