38 శాతం ఛార్జ్ ఉండగానే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది: కాలిబ్రేషన్ చాలా, బ్యాటరీ మార్చాల్సిందేనా?

చిత్రిక:
అడాప్టర్ పెట్టి ఉంచితే నా ల్యాప్‌టాప్‌కి ఏ ఇబ్బందీ లేదు, వీడియో ఎడిటింగ్ కూడా గంటల తరబడి నడుస్తుంది. అడాప్టర్ తీసేస్తే మాత్రం 38, 40 శాతం దగ్గర తెర ఒక్కసారిగా నల్లబడి ఆగిపోతోంది. హెచ్చరిక రాదు, హైబర్నేట్ (చేస్తున్న పనిని డిస్క్‌లో దాచుకుని ఆగడం) అవదు. తర్వాత విండోస్ తన ఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే కెర్నల్-పవర్ 41 అని ఉంటోంది. బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ 48,000 మిల్లీవాట్-అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 37,000. ఏం చేయమంటారు?

నిదానం:
48 వేలకి 37 వేలు మిగిలాయంటే 77 శాతం. ఆ బ్యాటరీని పారేయాల్సిన పని లేదండి. మీకు కనబడే శాతం బ్యాటరీలోని గేజ్ చిప్ వేసుకునే అంచనా మాత్రమే, వాడగా వాడగా ఆ లెక్క తప్పుతుంది. 100 దాకా ఛార్జ్ చేసి, పూర్తిగా అయిపోనిచ్చి, మళ్లీ నింపండి. గేజ్ లెక్కని ఇలా సరిచేయడమే కాలిబ్రేషన్. ముందు అది, ఆ తర్వాతే ఖర్చు.

వోల్ట్‌మీటర్:
నిదానం గారూ, ఇక్కడ ఒప్పుకోలేను. కెపాసిటీ వేరు, కరెంటు ఇవ్వగల సత్తా వేరు. రిపోర్టులో మొదటిదే కనిపిస్తుంది. ముసలిదైన లిథియం సెల్‌లో అంతర్గత నిరోధం పెరుగుతుంది. అది రిపోర్టులో ఎక్కడా ఉండదు.

లెక్క చూడండి. మూడు సెల్‌లు వరుసలో ఉన్న ప్యాక్ సుమారు 11.1 వోల్టులు. ఎడిటింగ్‌లో ల్యాప్‌టాప్ 45 వాట్లు లాగితే సుమారు 4 ఆంపియర్లు. ఒక సెల్ నిరోధం 0.2 ఓమ్‌కి చేరిందనుకుందాం, ఆ ఒక్కదాంట్లోనే 0.8 వోల్ట్ పడిపోతుంది. 3.7 దగ్గరున్న సెల్ క్షణంలో 2.9కి దిగుతుంది. చాలా ప్యాక్‌లలో 3 వోల్టుల చుట్టుపక్కలే కట్‌ఆఫ్, అంటే అంతకంటే దిగితే కరెంటు ఆపేసే హద్దు. మిగతా రెండు సెల్‌లు ఎంత బాగున్నా రక్షణ సర్క్యూట్ ప్యాక్ మొత్తాన్ని ఆపేస్తుంది. విండోస్‌కి హెచ్చరిక చూపించే వ్యవధే ఉండదు. 41 కూడా కారణం చెప్పదు, కిందటిసారి సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది.

ఇంకో సంగతి. 38 దగ్గరే ఆగిపోయే యంత్రం అడుగు దాకా ఎప్పుడు దిగుతుంది, గేజ్ ఎప్పుడు నేర్చుకుంటుంది? పైగా బలహీనమైన సెల్‌ని మళ్లీ మళ్లీ ఖాళీ చేస్తే అది ఇంకా అరుగుతుంది.

నిదానం:
మీ లెక్క బాగుంది, కానీ 0.2 ఓమ్ మీరు అనుకున్నది, కొలిచింది కాదు. బ్యాటరీ కనెక్టర్ వదులైనా ఇదే లక్షణం. సెట్టింగ్స్‌లో క్రిటికల్ బ్యాటరీ స్థాయిని, అంటే విండోస్ తనంతట తానే ఆపేసే శాతాన్ని, ఎవరైనా పెంచి ఉంటే? చూడకుండా కొత్తది కొనిపిస్తే మంచి బ్యాటరీ చెత్తలోకి పోతుంది. అది నాకు నచ్చదు.

వోల్ట్‌మీటర్:
క్రిటికల్ స్థాయి వల్లయితే హైబర్నేటో, సక్రమమైన షట్‌డౌనో జరగాలి, 41 రాకూడదు. కనెక్టర్ విషయం మాత్రం న్యాయమైన ప్రశ్న, దాన్ని తేల్చొచ్చు. చిత్రిక గారూ, 60 శాతం దగ్గర బ్యాటరీ సేవర్ పెట్టి, వెలుగు తగ్గించి, తేలికపాటి పని చేస్తూ ఎంత కిందికి వెళ్తుందో చూడండి. ఇంకోసారి 45 దగ్గర బరువైన పని మొదలుపెట్టండి. కనెక్టర్ వదులైతే భారంతో సంబంధం లేకుండా, కదిపినప్పుడు పోతుంది. సెల్ బలహీనమైతే భారం పడ్డప్పుడే పోతుంది. విండోస్ మొదలవకముందు వచ్చే బయోస్ సెట్టింగ్స్ తెరలో ఉండగా కూడా ఆగిపోతే విండోస్‌ని అనుమానించక్కర్లేదు.

చిత్రిక:
చేసి చూశాను. సేవర్‌లో టైప్ చేసుకుంటూ ఉంటే 14 దాకా దిగింది. 45 దగ్గర వీడియో ఎక్స్‌పోర్ట్ నొక్కగానే పోయింది. కదిపితే ఏమీ కాలేదు.

వోల్ట్‌మీటర్:
ఇక సందేహం అక్కర్లేదు, బ్యాటరీ మార్చండి. కొత్తది వచ్చేదాకా బరువైన పనులు అడాప్టర్ మీదే చేసుకోండి, బ్యాటరీ మీద సేవర్‌లోనే ఉంచండి.

నిదానం:
ఈ ఫలితానికి నేనూ మార్చమనే అంటాను. కాలిబ్రేషన్ కొత్త బ్యాటరీ పెట్టాక ఒక్కసారి చేయండి, అక్కడ అది పనికొస్తుంది. ఒకటి మాత్రం ఇప్పుడే చూడండి: టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా, అడుగు మూత ఉబ్బిందా? అలా ఉంటే ఛార్జింగ్ ఈ క్షణమే ఆపేయండి, నొక్కొద్దు, పొడవొద్దు. పాత ప్యాక్‌ని మామూలు చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.