అమెరికా అధ్యక్షుడి సంతకం ఒక్కటే చట్టమవుతుందా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తండ్రి):
కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించినప్పుడు, సెలవుపై ఇంటికి వచ్చిన మా అబ్బాయి ఆ రాత్రికి రాత్రే పెట్టె సర్దుకుని విమానాశ్రయానికి బయలుదేరాడు. ఇప్పటికే వీసా ఉన్నవారికి అది వర్తించదని ఆ తరువాత తెలిసింది. మన దేశంలో ఆర్డినెన్సు తెచ్చినా, పార్లమెంటు తిరిగి సమావేశమైన ఆరు వారాల్లోగా ఆమోదం పొందకపోతే అది చెల్లకుండా పోతుంది. అక్కడ అలాంటి గడువేమీ లేదా? కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఓటు లేకుండా ఒక్క మనిషి ఇంత పని ఎలా చేయగలుగుతున్నాడో దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు):
అయ్యా, ఆర్డినెన్సు జారీచేసే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వనే లేదు. ఆయన ఉత్తర్వు నిలవాలంటే రాజ్యాంగంలోనో, కాంగ్రెస్ చేసిన చట్టంలోనో దానికి ఆధారం ఉండాలి. ఇది 1952లో స్పష్టంగా తేలింది. కొరియా యుద్ధం సాగుతుండగా ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమైతే, అది మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఏప్రిల్ 8న, అధ్యక్షుడు ట్రూమన్ దేశంలోని చాలా ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోమని వాణిజ్య మంత్రి సాయర్‌ను ఆదేశించారు. సాయర్ ఆ కంపెనీల అధ్యక్షులనే ప్రభుత్వం తరఫున నిర్వాహకులుగా ఉండమన్నారు కాబట్టి, నిన్నటి యజమాని అదే కుర్చీలో కూర్చుని నేడు ప్రభుత్వ ప్రతినిధి అయ్యాడు.

జూన్ 2న సుప్రీం కోర్టు 6–3 తేడాతో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ట్రూమన్ స్వయంగా నియమించిన నలుగురు న్యాయమూర్తులలో ఇద్దరు ఆయనకు వ్యతిరేకంగా నిలిచారంటే, ఆ కోర్టుపై నాకున్న గౌరవం ఎందుకో మీకు అర్థమవుతుంది. జస్టిస్ జాక్సన్ విడిగా రాసిన తీర్పు నేటికీ కొలమానం: కాంగ్రెస్ అనుమతితో నడిచినప్పుడు అధ్యక్షుడి బలం అత్యధికం, కాంగ్రెస్ మౌనంగా ఉన్నప్పుడు సందిగ్ధం, కాంగ్రెస్ అభిమతానికి ఎదురు వెళ్లినప్పుడు అత్యల్పం. ట్రూమన్ మూడో స్థితిలో ఉన్నారు. కర్మాగారాలను ఆయన వెంటనే తిరిగి అప్పగించారు.

సమాధానం 2 (న్యాయవాది):
పై వివరణ సరైనదే గానీ, కాంగ్రెస్ అనుమతి ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందని అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరు సాగుతుండగా, 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీచేసిన 9066వ ఉత్తర్వుకు మరుసటి నెలలోనే కాంగ్రెస్ చట్టంతో బలం చేకూర్చింది. జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని, వారిలో అత్యధికులు అమెరికా పౌరులే అయినా, ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో నిర్బంధించారు. ఆ తరలింపును 1944లో సుప్రీం కోర్టు కూడా 6–3 తేడాతో సమర్థించింది. అప్పుడు వ్యతిరేకించిన ముగ్గురిలో ఇదే జాక్సన్ ఒకరు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఈ లక్ష డాలర్ల రుసుము ఆ మూడింటిలో ఏ స్థితి కిందికి వస్తుంది?

సమాధానం 1:
అసలు వివాదం అక్కడే ఉందండీ. విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేసేందుకు, దానిపై ఆంక్షలు పెట్టేందుకు వలస చట్టంలోని 212(ఎఫ్) సెక్షన్ అధ్యక్షుడికి అధికారం ఇస్తోంది కనుక తాము మొదటి స్థితిలోనే ఉన్నామన్నది ప్రభుత్వ వాదన. ప్రవేశాన్ని ఆపే అధికారంలో సొమ్ము వసూలు చేసే అధికారం కూడా ఇమిడి ఉందా, పన్నులు విధించే అధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెస్‌కే ఇచ్చింది కదా అన్నది వ్యతిరేకుల ప్రశ్న. నా మటుకు నాకు ఈ ప్రశ్నే బలమైనదిగా తోస్తోంది. ఆ వలస చట్టం కూడా 1952 జూన్‌లోనే, ఉక్కు తీర్పు వచ్చిన నెలలోనే, ట్రూమన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ చేసినది.