ఫినాలే వదిలేసి మ్యూజ్‌స్కోర్‌కి మారాలా? తెలుగు లిరిక్స్ ఉన్న ఫైళ్లు చాలా ఉన్నాయి

నల్గొండ_క్వయర్

అందరికీ నమస్తే. చర్చి క్వయర్‌కి నాలుగు పార్టుల్లో పాటలు రాసిస్తుంటాను, సాయంత్రాలు కీబోర్డ్ క్లాసులు. స్వరాలు రాయడానికి మొదటి నుంచీ ఫినాలే సాఫ్ట్‌వేరే, ఇప్పుడున్నది వెర్షన్ 27. 2024 ఆగస్టులో దాన్ని తయారుచేసే మేక్‌మ్యూజిక్ వాళ్లు ఇక దీన్ని డెవలప్ చేయమని చెప్పేసినా నేను పట్టించుకోలేదు, ఎందుకంటే నా సాఫ్ట్‌వేర్ నా దగ్గర బాగానే నడుస్తోంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మార్చాల్సి వచ్చింది, అక్కడ మొదలైంది టెన్షన్. మళ్లీ ఇదే ఎక్కించుకోవాలా, లేక ఇదే సందు అని ఇలాంటివే అయిన మ్యూజ్‌స్కోర్‌కో డోరికోకో మారిపోవాలా?

అసలు చిక్కు లిరిక్స్‌తో. ఈమధ్య రాసినవి యూనికోడ్ తెలుగులో ఉన్నాయి, పాతవన్నీ అను ఫాంట్లలో, అప్పట్లో క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపులో కొట్టించినవి. క్రిస్మస్ పాటలు సగం అందులోనే ఉన్నాయి. మార్చాక అవన్నీ పిచ్చి అక్షరాలైతే మళ్లీ కూర్చుని కొట్టే ఓపిక నాకు లేదు. ఎవరైనా చేసి చూశారా?

పాలమూరు_పియానో

అన్నా, మారాలా వద్దా అన్నది తర్వాత. ముందు పాత ల్యాప్‌టాప్‌లో ఫినాలే తెరుచుకుంటున్నప్పుడే ఫైళ్లన్నీ మ్యూజిక్ఎక్స్ఎంఎల్‌లోకి (ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ అయినా తెరవగలిగే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో. ఒక్కొక్కటి అక్కర్లేదు, ఎక్స్‌పోర్ట్ మెనూలోనే ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మార్చే ఆప్షన్ ఉంది. ప్రతి పాటకీ ఒక పీడీఎఫ్ కూడా తీసిపెట్టు, రేపు ఎక్కడైనా స్వరం కిందా మీదా అయినట్టు అనుమానం వస్తే పక్కన పెట్టి చూసుకోవడానికి అదే ఆధారం.

స్వరాలు, తాళం, కీ సిగ్నేచర్, లిరిక్స్ దాదాపు క్షేమంగా వస్తాయి. రానిది పేజీ అమరిక. లైనుకి ఎన్ని బార్లు, రెండు స్టాఫ్‌ల మధ్య ఎంత జాగా, నువ్వు చేత్తో జరిపి పెట్టుకున్నవి, ఇవన్నీ చాలావరకు పోతాయి. రిపీట్లూ కోడాలూ ఒకసారి ప్లే చేసి వినాల్సిందే.

మీ క్వయర్ పిల్లలు ఇంట్లో తెరిచి తమ పార్టు విని నేర్చుకోవాలంటే మాత్రం నా ఓటు మ్యూజ్‌స్కోర్‌కే, వాళ్లతో డబ్బులు పెట్టి కొనిపించలేం కదా. ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం. అదే పేరుతో పాటలు పంచుకునే సైట్ ఒకటుంది, అక్కడ డౌన్‌లోడ్‌కి సబ్‌స్క్రిప్షన్ అడుగుతుంది, అది చూసి మా స్టూడెంట్ల ఇళ్లలో "నెలనెలా కట్టాలంట కదా సార్" అంటారు. రెండూ వేరు. వెర్షన్ 4 పెద్ద సౌండ్ల ప్యాకేజీ వేసుకోమంటుంది, చిన్న ల్యాప్‌టాప్ అయితే దాని జోలికి పోకండి, మామూలు సౌండ్లతో పార్టు నేర్చుకోవచ్చు.

డోరికో_అభిమాని

ఇక్కడ అందరూ ఉచితం అనగానే అటే పరిగెడతారు, నేను కొంచెం ఎదురు చెప్తా. సార్, మీరు రాసేవాళ్లు, పిల్లలు చదివేవాళ్లు. వాళ్లకి పీడీఎఫ్, ఎంపీ3 ఇస్తే చాలు, సాఫ్ట్‌వేర్ వాళ్లందరి దగ్గరా ఉండాల్సిన పని లేదు. 2012లో లండన్‌లో సిబెలియస్ (ఇదీ స్వరాలు రాసే సాఫ్ట్‌వేరే) టీమ్‌ని తీసేసినప్పుడు అందులో చాలామంది స్టైన్‌బర్గ్ కంపెనీకి వెళ్లి మొదటి నుంచి కట్టిందే డోరికో, 2016లో వచ్చింది. అందులో ఫ్లోలు అని ఉంటాయి, అంటే క్రిస్మస్ ప్రోగ్రామ్ పాటలన్నీ ఒకే ఫైల్లో వేర్వేరు పాటలుగా ఉంటాయి, ఫాంట్ ఒకచోట మారిస్తే అన్నింటికీ మారుతుంది, ఆల్టో వాళ్ల పుస్తకం ఒక్క క్లిక్‌తో బయటికొస్తుంది. మీలాగా పాటల పుస్తకం వేసేవాళ్లకి అది పెద్ద సుఖం. ఫినాలే ఆగిపోయినప్పుడు దాని యూజర్లకి ప్రో వెర్షన్ 149 డాలర్లకి ఇస్తామన్నారు, ఇప్పుడు ఎంతుందో సైట్‌లో చూసుకోండి. ఎస్ఈ అనే ఉచిత వెర్షన్ కూడా ఉంది, ముందు దాంట్లో ఒక పాట వేసి చూస్తే పోయేదేం లేదు. అలవాటు పడటానికి మాత్రం టైమ్ పడుతుంది, ఫినాలే చేతికి మొదట్లో అంతా తలకిందులుగా అనిపిస్తుంది.

మిర్యాలగూడ_మ్యూజిక్

అసలు ప్రశ్న అను ఫాంట్ల గురించి కదా, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు 😀

ఏ సాఫ్ట్‌వేర్‌కి మారినా ఆ చిక్కు ఒకటే. అను ఫాంట్‌లో మనకి కనిపించేది తెలుగు, ఫైల్లో ఉండేది వేరే గుర్తులు. ఆ ఫాంట్ లేని మిషన్‌లో ఆ గుర్తులే కనిపిస్తాయి. అందుకని ముందు రెండు రకాల ఫైళ్లనీ విడగొట్టండి. యూనికోడ్‌వి వాటంతట అవే వస్తాయి, తెలుగు ఫాంట్ ఎంచుకుంటే అయిపోయింది. ఒత్తులు ఎక్కువున్న పాట ఒకటి తీసి చూడండి, 'స్తోత్రం', 'క్రీస్తు' సరిగా పడితే మిగతావీ పడతాయి.

అనువి నేనైతే స్వరాలు మాత్రమే ఉంచుకుని లిరిక్స్ మొత్తం తీసేస్తా. లిరిక్స్‌ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, లేదా ఫోన్‌లో మాట చెప్పి టైప్ చేయించుకున్నా సరే. నోట్‌ప్యాడ్‌లో పెట్టి ఏ అక్షరం ఏ స్వరానికో చూసుకుంటూ మధ్యలో హైఫన్లు వేయండి, 'స్తు-తి', 'దే-వు-డు' ఇలా. తర్వాత అంతా కాపీ చేసి, మ్యూజ్‌స్కోర్‌లో మొదటి స్వరం మీద లిరిక్స్ మోడ్‌లోకి వెళ్లి కంట్రోల్ వి నొక్కుతూ పోతే ఒక్కో నొక్కుకి ఒక్కో ముక్క ఒక్కో స్వరం కింద పడుతుంది. ఒక అక్షరాన్ని నాలుగు స్వరాల మీద లాగే చోట అండర్‌స్కోర్. చేయి తిరిగాక మళ్లీ టైప్ చేయడం కన్నా చాలా త్వరగా అవుతుంది.

ఇంకోటి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కంప్రెస్ కాని రకం ఎంచుకోండి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, ఏదైనా తేడా వస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపల ఏముందో చూడొచ్చు.

సూర్యాపేట_బ్యాండ్

పెళ్లి బ్యాండ్‌కి ట్రంపెట్, క్లారినెట్, ఆల్టో శాక్స్ పార్టులు రాస్తా. మారినప్పుడు నాకు తేడా కొట్టింది ట్రాన్స్‌పోజింగ్ దగ్గర. క్వయర్ అన్నకి ఈ బాధ లేదు గానీ చదివేవాళ్లకి పనికొస్తుందని చెప్తున్నా: ఫైల్ తెరవగానే కాన్సర్ట్ పిచ్ (అన్ని వాద్యాలనీ అసలు వినిపించే స్వరంలోనే చూపించే) బటన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా చూసుకుని అప్పుడే ప్రింట్ తీయండి. ఆఫ్‌లో ఉంటేనే బీ ఫ్లాట్ వాద్యాలకి ఒక టోన్ పైన, ఆల్టో శాక్స్‌కి మేజర్ సిక్స్త్ పైన రాసి ఇస్తుంది. ఆన్‌లో ఉండగా తీసిన కాగితం పట్టుకుని బారాత్‌లో వాయిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నల్గొండ_క్వయర్

అందరికీ థ్యాంక్స్. ఫోల్డర్ మొత్తం ఎక్స్‌పోర్ట్ పెట్టాను, అయిపోయింది, పెన్‌డ్రైవ్‌లోనూ గూగుల్ డ్రైవ్‌లోనూ వేశా. యూనికోడ్ పాట ఒకటి మ్యూజ్‌స్కోర్‌లో తెరిస్తే ఒత్తులు బాగానే ఉన్నాయి, రెండో చరణం మాత్రం మొదటి దాని మీద ఎక్కి కూర్చుంది, ఫాంట్ సైజు తగ్గిస్తే సర్దుకుంది. డోరికో సార్ చెప్పిన పుస్తకం సంగతి నచ్చింది గానీ పిల్లలు ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి "సార్ ఈ బార్ ఒక్కటి మార్చొచ్చా" అని అడిగే రకం, వాళ్ల దగ్గర కూడా ఉంటేనే నాకు నడుస్తుంది. కొత్తగా రాసేవి మ్యూజ్‌స్కోర్‌లోనే. అను పాటలు మాత్రం ఈ క్రిస్మస్‌కి పాత ల్యాప్‌టాప్‌లోనే ప్రింట్ తీసేసి, జనవరిలో మొదలుపెడతా. మిర్యాలగూడ సార్, మీరు వాడే కన్వర్టర్ ఏదో చెప్పగలరా, నేను చూసినదాంట్లో రావత్తు పక్క అక్షరానికి పోతోంది.

మిర్యాలగూడ_మ్యూజిక్

అనులోనే వెర్షన్లు చాలా ఉన్నాయి, 6, 7 వేర్వేరు. మీ షాపు వాళ్లు ఏది వాడారో ముందు అడగండి, కన్వర్టర్‌లో అదే ఎంచుకోవాలి. రావత్తు పక్కకి పోవడం చాలాసార్లు అందుకే. తెలియకపోతే ఒక లైను ఇక్కడ పెట్టండి, చూస్తా.