సంగీతం చదివే పిల్లలకు ఎన్‌ఎస్‌ఎస్ లీడర్ పని: సాధనకు అడ్డమా, అండా?

గాత్రం, రెండో ఏడాది:
బీఏ సంగీతం చదువుతున్నాను. మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్‌కి లీడర్‌గా ఉండమంటున్నారు. నాకు ఇష్టమే. గురువుగారు మాత్రం "ఈ రెండేళ్ల సాధన పోతే మళ్లీ రాదు" అంటున్నారు. పోయిన క్యాంపులో ఏడు రోజులూ మైకు లేకుండా హాజరు పిలిచి గొంతు బొంగురుపోయింది. పది రోజులు తార షడ్జం (పై స్థాయి 'స') అందలేదు. ఒప్పుకోవాలా, వద్దా?

ఫిడేలు మాస్టారు:
మీ గురువుగారి మాటే నా మాట. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ అంటే రోజుకు ఇరవై నిమిషాలే కదా అనిపిస్తుంది. ఆ గంటలు అలా విడివిడిగా రావమ్మా. పరీక్షల ముందు వారం, కచేరీ ముందు రోజు గంపగుత్తగా వచ్చి పడతాయి. లీడర్‌వైతే బస్సు మాట్లాడటం, భోజనాల లెక్క, రిపోర్టు అదనం. దేశసేవా చేశారు, పాటా పాడారు అని ఘంటసాల గారి పేరు ఎవరైనా తెస్తారేమో, ఆయన 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లింది విజయనగరంలో చదువు ముగిశాకే. చదివినన్నాళ్లూ మధూకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని అయినా పాటనే పట్టుకున్నారు.

పాత వాలంటీరు, వీణ:
మాస్టారూ, అది ఒప్పుకుంటాను. కానీ ఆయన చదివిన ఆ విజయనగరం సంగీత కాలేజీ ఎలా పుట్టింది? చూపులేని ఒక పిల్లవాడికి సంగీతం చెప్పించాలని అడిగితే, రాజావారు 1919లో ఏకంగా పాఠశాలే పెట్టించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. సంగీతానికి సేవ బయటి పని ఎలా అవుతుంది?

నా సంగతి చెబుతాను. మా యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలో బడి పిల్లలకు సరళీ స్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు) చెప్పాను. ఆ పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి) షడ్జాన్ని (స) ఆనుకునే ఉంటుంది కదా, ఒక పాప దాన్ని ప్రతిసారీ పైకి లాగేసేది. ఎన్నిసార్లు పాడి వినిపించినా కుదరలేదు. చివరికి రెండు వేళ్ల మధ్య సందు చూపిస్తూ స రి స, స రి స అని నెమ్మదిగా పాడించాను. నాలుగో రోజుకి పట్టుకుంది. వీణ మీద నేను ఆ స్వరాన్ని ఎంత తేలిగ్గా దాటేస్తున్నానో అప్పుడే తెలిసింది.

నా కోపమంతా ఇంకోదాని మీద. కాలేజీలో ఏ సభ జరిగినా ప్రార్థనకు సంగీతం పిల్లలు కావాలి. అతిథి గారు రెండు గంటలు ఆలస్యం. పిల్ల పట్టుచీర కట్టుకుని, మంచినీళ్లు కూడా లేకుండా స్టేజీ పక్కన నిలబడి ఉంటుంది. రెండు నిమిషాల పాటకు ఒక పూట సాధన పోయింది. దాన్ని సేవ అనకండి. చెల్లీ, లీడర్‌వైతే ముందు అది ఆపించు.

మృదంగం:
అక్క చెప్పింది నిజమే గానీ, క్యాంపు తేదీలు లీడర్ చేతిలో ఉండవు. మా యూనిట్‌లో ప్రాక్టికల్స్‌కి వారం ముందు పెట్టారు. తేదీల సంగతి ముందే మాట్లాడుకోండి.

గాత్రం, రెండో ఏడాది:
అందరికీ థాంక్స్. అక్క రాసిన రిషభం సంగతి గురువుగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒప్పుకున్నారు. క్యాంపులో కూడా పొద్దున ఐదు నుంచి ఏడు వరకు సాధన. హాజరు నేను పిలవను, ఇంకో వాలంటీరు పిలుస్తాడు. ప్రార్థన పాటకు వంతులు వేయమని ప్రోగ్రామ్ ఆఫీసర్ గారిని అడిగాను, చూద్దాం అన్నారు. క్యాంపు అయ్యాక తార షడ్జం నిలవకపోతే లీడర్ పని వదిలేస్తానని గురువుగారు మాట తీసుకున్నారు.